సంవత్సరమంతా హత్యలు, దయ్యాలే చదివిన, అక్కా, ఇగ ఆపాల్నా?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది దేవరకొండ దిక్కు, నల్లగొండల ఒక ఆఫీసుల కంప్యూటర్ ఆపరేటర్‌గ చేస్త, రోజూ బస్సుల రానుపోను. పోయిన ఉగాదికి ఒక పంతం పట్టిన, ఈ సంవత్సరమంతా క్రైమ్, హారర్, మిస్టరీ తప్ప ఇంకో పుస్తకం ముట్టనని. అన్నట్టే చదివిన. డిటెక్టివ్ యుగంధర్ పుస్తకాలు, మధుబాబు షాడో, యండమూరి తులసిదళం, ఇంగ్లీష్‌ల షెర్లాక్ హోమ్స్ కథలు, అగాథా క్రిస్టీవి కొన్ని, మొన్న డ్రాకులా. మస్తు మజా వచ్చింది గానీ ఇప్పుడు పరేషాన్ అయితున్న. ఒకటి, హారర్ చదివిన రాత్రి నిద్ర పట్టదు, బయట బాత్రూంకి పోవాల్నంటే మావోడిని లేపుకొని పోతున్న, వాడు ఐదో తరగతి, నవ్వుతున్నడు. రెండు, మిస్టరీలల సగానికి రాకముందే హంతకుడెవరో తెలిసిపోతుంది, మజా పోయింది. మూడు, మా అత్తమ్మ శవాల పుస్తకాలు ఇంట్ల పెట్టుకుంటే మంచిది కాదు, బుద్ధి ఖరాబైతది అంటది. నాలుగు, మా ఆఫీసుల ఒక సారు ఉన్నడు, బాగ చదువుకున్నాయన, ఇవి సాహిత్యమే కాదు, ఏడాది దండగ జేసుకున్నవు అన్నడు, ఆ మాట మనసుకు పట్టింది. ఇగ ఆపెయ్యాల్నా, లేకపోతే వచ్చే ఏడాది ఏం చదవాలె? మావోడు కూడా నాకియ్యి నాకియ్యి అంటున్నడు, వాడికి ఏమియ్యాలె?

జవాబు:

చెల్లె, నమస్తే.

అన్నిటికన్నా ముందు మీ అత్తమ్మ మాటకు జవాబు చెప్త. ఏం కాదు, ఎవరి బుద్ధీ ఖరాబు కాదు. అగాథా క్రిస్టీనే చూడు, మొదటి ప్రపంచ యుద్ధం టైంల ఆమె దవాఖానల మందులు కలిపి ఇచ్చే కాడ పనిచేసింది, ఏ మందు ఎంత ఇస్తే మనిషి లేస్తడు, ఎంత ఇస్తే పోతడు అనేది అక్కడ్నే నేర్చుకుంది, 1920ల వచ్చిన మొదటి నవలల ఒక ముసలామెను చంపింది కూడా ఆ విద్యతోనే, స్ట్రిక్నీన్ అనే విషం పెట్టి. అప్పటి సంది బతికినన్ని రోజులు కాగితం మీద జనాన్ని చంపుకుంటనే ఉంది, 85 ఏండ్లు బతికింది, నిజంగ ఎవరిమీద చెయ్యెత్తింది లేదు. రాసినామెకే ఏం కాలేదు, చదివినదానికి నీకేమైతది.

అయినా ఈ శవాల ముచ్చట మనకేమన్నా కొత్తదా? మీ అత్తమ్మ చిన్నప్పుడు వాకిట్ల మంచాలేసుకొని కొరివి దయ్యాల ముచ్చట్లు విననట్టు మాట్లాడుతదేంది. చందమామ 1947ల మొదలైంది, మన ఇండ్లల్ల పిల్లలు దాంట్ల ముందుగాల తిప్పి చూసేది భేతాళ కథనే. ఆలోచించు, అర్ధరాత్రి శ్మశానం, రాజు చెట్టు మీది శవాన్ని దించి భుజానేసుకొని నడుస్తుంటడు, శవంల ఉన్న భేతాళుడు కథ చెప్పి ఆఖరికి ఒక చిక్కు ప్రశ్న వేస్తడు, తెలిసి చెప్పకపోతే తల పగుల్తది అంటడు. శ్మశానమంతా హారర్, ప్రశ్న వచ్చేసరికి మిస్టరీ, రెండూ కలిపి ఒక్క నాలుగు పేజీల్ల. దాన్ని నీతి కథలని చెప్పి పిల్లలకు కొనిచ్చిన్రు మన పెద్దోళ్ళు. కాబట్టి అత్తమ్మతోని లొల్లి పెట్టుకోకు, ఆమె సంగతి ఆఖరికి మళ్ళ చెప్త, ఆమెను నీ దిక్కు తిప్పుకునే ఉపాయం ఉంది.

ఇగ నీ నిద్ర సంగతి, హంతకుడు ముందే దొరికిపోయే సంగతి. ఈ రెండూ వేరే వేరే అనుకుంటున్నవ్ గానీ రెండింటికీ కారణం ఒకటే, నువ్వు ఏడాదంతా అన్నిటినీ ఒకటే కుప్పల పోసి, ఒకటే తీరు చదివినవ్, అన్నిట్ల ఆఖరికి ఏమైతది అన్న ఒక్కదానికోసమే ఉరికినవ్. బస్సుల ఒకటి అయిపోంగనే రాత్రికి ఇంకోటి పట్టినవ్. తప్పని కాదు, ఆకలి మీద అట్లనే తింటరు ఎవరైనా, కానీ క్రైమ్, హారర్, మిస్టరీ ఈ మూడు ఒకే షాపుల ఒకే ర్యాకుల అమ్ముతరు గానీ లోపల పనిచేసే తీరు వేరే వేరే.

మిస్టరీ అంటే చదివేటోళ్ళతోని రాసేటోడు ఆడే ఆట. ఆటకు రూల్స్ ఉంటయి. 1929ల రోనాల్డ్ నాక్స్ అని ఒకాయన, ఆయన చర్చిల ఫాదర్, డిటెక్టివ్ నవలలు కూడా రాసేటోడు, పది రూల్స్ రాసిపెట్టిండు. హంతకుడు కథ మొదట్లనే కనపడాలె, ఆఖరి చాప్టర్ల ఎవడినో ఊరికెనే పట్టుకొచ్చి వీడే అనొద్దు. దయ్యం చేసింది, దేవుడు చేసిండు అని తప్పించుకోవద్దు. రహస్య ద్వారం పెడితే ఒక్కటే, అంతకు మించొద్దు. డిటెక్టివే హంతకుడు కావొద్దు. డిటెక్టివ్‌కు దొరికిన క్లూ చదివేటోడికి కూడా చూపియ్యాలె. కవల పిల్లలను ముందు చెప్పకుండ దించొద్దు, ఈ ఒక్క రూల్ మన సినిమావాళ్ళకు ఎవరన్నా చెప్పుంటే ఎంత బాగుండు. సరే, వీటిని తర్వాత రాసినోళ్ళు కావాలని తప్పిన్రు కూడా, మంచిగ తప్పినోళ్ళకు పేరొచ్చింది, అది వేరే సంగతి. నేను చెప్పొచ్చేది, నీకు సగానికే హంతకుడు దొరుకుతున్నడంటే పుస్తకం పాడైనట్టు కాదు, నీకు ఆట వచ్చింది. ఏడాది కింద నీకు యుగంధర్ ఎట్ల కనిపెట్టిండో అర్థం కాకుండె, ఇప్పుడు యుగంధర్ కన్నా ముందు నువ్వే కనిపెడుతున్నవ్, అసిస్టెంట్ రాజు నౌకరీ నీకియ్యొచ్చు. ఎవరిమీద అనుమానం అస్సలు రాకుండ రాస్తుంటరో వాడే అయ్యుంటడు అని నీకు తెలిసిపోయింది, దాన్ని మర్చిపోయి మళ్ళ మొదట్నుంచి పోలేవు.

షాడో సంగతి మళ్ళ వేరు. మధుబాబు పుస్తకంల ఎవరు చేసిన్రు అనేది ప్రశ్నే కాదు, షాడో చస్తడా అనేది కూడా కాదు, వాడు చావడని అందరికీ తెలుసు, ఈ గండంల నుంచి ఎట్ల బయటపడ్తడు అనేదే అంతా. అది ఉరుకుడు పుస్తకం, బస్సుకు సరిగ్గ సరిపోతది, కొండమల్లేపల్లి దాటిందెప్పుడో కూడా తెల్వదు. దాంట్ల మిస్టరీ వెతికితే దొరకదు, దొరకలేదని దాన్ని తిట్టుడు కూడా అన్యాయం.

హారర్‌కు రూల్సే లేవు. మిస్టరీ ఆఖరికి తలుపు మూస్తది, ఎవరు, ఎందుకు, ఎట్ల, అన్నీ చెప్పి, లైట్ ఆర్పి, ఇగ పండుకో అంటది. హారర్ తలుపు జరంత తెరిచి పెట్టి పోతది. అదే దాని పని, మంచి హారర్ అయితే ఇంకింత తెరిచి పోతది. నువ్వేమో తలుపు మూసేదాన్ని పొద్దున బస్సుల చదువుతున్నవ్, తెరిచి పోయేదాన్ని రాత్రి అన్నం తిన్నంక, అందరూ పండుకున్నంక, ఫోన్ వెలుతురుల చదువుతున్నవ్. ఇగ బాత్రూంకి పిలగాడు తోడు రాక ఎట్ల. రేపట్నుంచి తిరగెయ్యి. దయ్యాలను పొద్దటి బస్సుల పెట్టు, పక్కన కూసున్నామె టమాటా రేటు గురించి మాట్లాడుతుంటే, కండక్టర్ ముందుకు జరగండి ముందుకు జరగండి అంటుంటే, ఏ దయ్యమూ వంటికి పట్టదు. రాత్రికి యుగంధర్‌నో క్రిస్టీనో పెట్టుకో, అవి నిద్ర పుచ్చుతయి. హత్య ఉన్న పుస్తకం నిద్ర పుచ్చుడేందని నవ్వకు, ఎంతమందో ఆ పుస్తకాలను దానికే వాడుకుంటరు.

టైం మార్చినంత మాత్రాన అయిపోదు, ఇంకో పని కూడా చెయ్యాలె. నువ్వు భయపడ్డ జాగను మర్నాడు పగటి పూట మళ్ళ తెరిచి, వాడు నన్ను ఎట్ల భయపెట్టిండని చూడు. డ్రాకులా మొన్ననే చదివిన్నన్నవ్ కదా, 1897ల పుస్తకం అది, దాంట్ల అద్దం సీను గుర్తుందా? జొనాథన్ హార్కర్ డ్రాకులా కోటలకి పోయి ఎక్కువ రోజులు కాలే. కిటికీ కాడ చిన్న అద్దం తగిలించుకొని గడ్డం గీసుకుంటుంటడు. భుజం మీద చెయ్యి పడ్తది, గుడ్ మార్నింగ్ అని కౌంట్ డ్రాకులా గొంతు. హార్కర్ ఉలిక్కిపడ్తడు, ఎందుకంటే అద్దంల రూమంతా కనపడుతుంది, మనిషి మాత్రం కనపడలే. కత్తి గీసుకుంటది, చుక్క రక్తం. కౌంట్ కండ్లు మండుతయి, గొంతు మీదికి చెయ్యి పోతది, హార్కర్ మెడల సిలువ దండ చేతికి తగులుతది, అంతే, ఒక్క క్షణంల మామూలు మనిషైతడు. పైగా ఆ అద్దాన్ని తీసి కిటికీల నుంచి అవతలికి విసిరేస్తడు. ఇప్పుడు చూడు ఎట్ల చేసిండో. గాలి లేదు, ఉరుము లేదు, తలుపు కిర్రుమనలే. మీ ఆయన రోజూ పొద్దున చేసే పని, గడ్డం గీసుకునుడు. పలకరింపు కూడా మర్యాదగనే ఉంది. ఒక్కటి మాత్రం తీసేసిండు, అద్దంల ఉండాల్సిన మనిషిని. అంత చిన్న పని. పైగా ఆ పుస్తకమంతా డైరీలు, ఉత్తరాలు, పేపర్ కట్టింగులు, అంటే ఎవరో కథ చెప్తున్నట్టు ఉండదు, ఎవరి బీరువాల నుంచో కాగితాలు దొరికినట్టుంటది, అందుకే అబద్ధమని తెలిసినా మనసు ఒప్పుకోదు. ఇట్ల ఒకసారి విప్పి చూస్తే భయం మొత్తం పోదు, పోవొద్దు కూడా, గానీ బాత్రూం దాంక ఒక్కదానివే పోయేంత తగ్గుతది.

ఈ విప్పి చూసుడే నేను నీకు ఇచ్చే అసలు సలహా. వచ్చే ఏడాది కొత్తవి సగానికి తగ్గించు, చదివినవాటిల్ల నీకు బాగ నచ్చినవాటిని మళ్ళ చదువు. హంతకుడు తెలిసినంక ఏం చదువుతరు అంటవేమో. తెలిసినంకనే మిస్టరీని చదవొస్తది, అంతకుముందు ఉరుకుడే కదా.

హోమ్స్ కథల్ల రేసు గుర్రం మాయమైన కథ ఉంటది చూడు, సిల్వర్ బ్లేజ్, 1892ల వచ్చింది. నువ్వు హోమ్స్ చదివిన్నన్నవ్ కాబట్టి విప్పి చెప్త. గుర్రపుశాలల రాత్రి కాపలా ఉన్న పోరగాడికి మత్తుమందు పెట్టిన్రు, గుర్రం పోయింది, గుర్రాన్ని ట్రెయిన్ చేసేటాయన బయట మైదానంల చచ్చి పడున్నడు. పోలీసులు ఎవరో బయటోడిని పట్టుకున్నరు. హోమ్స్ రెండు మాటలు పట్టుకుంటడు. ఒకటి అందరికీ తెలిసిందే, రాత్రి కుక్క మొరగలే. పైన అటక మీద పండుకున్న ఇద్దరు పోరగాళ్ళకు మెలకువ కూడా రాలే. అంటే వచ్చినోడు కుక్కకు తెలిసినోడు. లండన్‌ల చదివేటోళ్ళకు ఇది పెద్ద కనిపెట్టుడు అనిపించిందేమో గానీ, నువ్వు చెప్పు, తండాలనో పల్లెలనో అర్ధరాత్రి కొత్త మనిషి అడుగు పెడ్తే కుక్కలు ఊరుకుంటయా? ఊరంతా లేస్తది. మన ఊర్ల ఈ దొంగతనం జరిగుంటే తెల్లారేసరికి రచ్చబండ కాడ ముసలోళ్ళే తేల్చేస్తుండె, కుక్క మొరగలేదంటే ఇంటోడి పనే అని.

రెండోది నాకు ఇంకింత ఇష్టం. ఆ మత్తుమందు నల్లమందు పొడి, దానికి రుచి ఉంటది, మామూలు తిండిల కలిపితే నాలికకు తెలుస్తది. ఆ రాత్రి పోరగాడికి ఏం పెట్టిన్రు? మటన్ కూర, మసాలా వేసిన కూర. ఆ ఘాటుల మందు రుచి దాగిపోయింది. ఇప్పుడు ప్రశ్న ఏందంటే, ఆ రోజు ఆ కూర వండాలెనని ఎవరు అనుకున్నరు? బయటి నుంచి వచ్చినోడు ఆ ఇంట్ల ఆ రాత్రికి ఏం వండాల్నో చెప్పలేడు కదా. వంటిల్లు తెలిసినామెకు ఇది టక్కున వెలగాల్సిన క్లూ, ఇవ్వాళ ఏం కూర అనేది ఎవరి మాట మీద నడుస్తదో ఇంట్ల ఆడోళ్ళకు తెలిసినంత హోమ్స్‌కు కూడా తెల్వదు. మొదటిసారి చదివినప్పుడు ఆ మటన్ కూర నీ కంటి ముందట్నుంచే పోయింది, పనిమనిషి ప్లేటు పట్టుకొని నడుస్తుంటే కూడా చూసినవ్, కానీ గుర్రం ఏమైందని ఉరుకుతుంటే కూర మీద ఎవరి కన్ను పడ్తది. రెండోసారి చదువు, ఆ కూర కాడికి రాంగనే నవ్వొస్తది, ఎంత బాజాప్తగ మన ముందట్నే పెట్టి దాచిండు అని.

తెలిస్తే మజా పోతది అనేదాన్ని నేను నమ్మను. నువ్వు రోజూ నల్లగొండకు వస్తనే ఉంటవ్, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఒక్కసారన్నా చూసే ఉంటవ్. గర్భగుడిల లింగం మీద పొద్దుగాల్నుంచి పొద్దుమూకే దాంక స్తంభం నీడ ఒకటి నిలబడే ఉంటది, సూర్యుడు జరుగుతడు గానీ నీడ జరగదు. ఏ స్తంభం నీడో అని జనం బయటికి లోపలికి తిరుగుతుంటరు, పిల్లలు చేతులు అడ్డం పెట్టి చూస్తుంటరు. అది మహిమ కాదు, పక్కల నుంచి మంటపంలకి వచ్చే వెలుగును, స్తంభాల మధ్య ఎడాన్ని లెక్కకట్టి నిలబెట్టిన పని అని చెప్పినోళ్ళు ఉన్నరు, అది కుందూరు చోళుల కాలంల, అంటే దాదాపు వెయ్యేండ్ల కింద. ఆ లెక్క తెలిసినంక నీడ చప్పగైందా? నాకైతే తెలిసినంకనే ఎక్కువ సేపు నిలబడి చూడబుద్ధైంది, దాన్ని చెక్కినోడు ఎంత తలకాయ ఉన్నోడో అని. మిస్టరీ రాసినోడిని కూడా అట్ల చూడాలె.

ఇప్పుడు జర కటువుగ ఒక మాట. తులసిదళం. యండమూరి దాన్ని వారపత్రికల సీరియల్‌గ రాస్తున్నప్పుడు జనం పత్రిక ఎప్పుడొస్తదా అని షాపుల కాడ నిలబడ్డరు, కథల చేతబడి పాలైన పిల్లకు ఏమైతదో అని ఇండ్లల్ల అదే ముచ్చట. చదివించే గుణంల దానికి వంక పెట్టేది లేదు. డాక్టర్లు ఒక పక్క, మంత్రగాళ్ళు ఒక పక్క, ఎవరి దారిల వాళ్ళు ఆ పిల్లను కాపాడ పోతుంటరు, ఏది నిజమో నువ్వే తేల్చుకో అన్నట్టు ఉంటది. దాన్నే రంగనాయకమ్మ తప్పుబట్టింది, ఏకంగ పుస్తకమే రాసింది దానిమీద. నువ్వు ఆ రెండూ పక్క పక్కన పెట్టుకొని చదువు, ఎవరి మాటకు సై అనాల్నో నేను చెప్పను. కానీ నువ్వు ఉన్నది లండన్‌ల కాదు. మన పాలమూరు, నల్లగొండ, మెదక్ దిక్కు బాణామతి, చేతబడి అనే మాటలు కథల్ల మాటలు కావు. పిలగాడికి జ్వరం తగ్గలేదని, బర్రె పాలియ్యలేదని, గడప ముందట నిమ్మకాయ కనపడ్డదని వాడకట్టుల ఒక ముసలామె పేరు బయటికొస్తది, ఆమెను కట్టేసి కొట్టిన్రు, పండ్లు ఊడపీకిన్రు, సంపిన్రు అని పేపర్ల ఎన్నిసార్లు చదవలేదు మనం. మహారాష్ట్రల 2013ల, కర్ణాటకల 2017ల ఇట్లాంటివాటిమీద చట్టాలు తెచ్చిన్రు. కాబట్టి పుస్తకంల కాష్మోరా అనే క్షుద్రశక్తికి భయపడు, మంచిగ భయపడు, దానికి పైసలు పెట్టినవ్. కానీ రేపు మీ వాడల ఎవరన్నా ఫలానా ఆమె ఏదో చేసిందట అన్నప్పుడు, నువ్వు చదివిన హారర్ కాదు, నువ్వు చదివిన మిస్టరీ మాట్లాడాలె. ఎవరు చూసిన్రు, ఎప్పుడు చూసిన్రు, ఆ ముసలామె మీద ఎవరికి కోపముంది, ఆమె జాగ ఎవరికి కావాలె అని అడుగు. దవాఖానకు తీసుకపోయిన్రా అని అడుగు. ఆఖరికి అక్కడ ఉండేది దయ్యం కాదు, భూమి పంచాయితీనో అప్పు పంచాయితీనో అయ్యుంటది, హోమ్స్ లెక్కన.

మీ ఆఫీసు సారు మాటకొస్త. దీనికి ఎక్కువ టైం పెట్టను. ఎడ్గార్ అలన్ పో 1841ల డిటెక్టివ్ కథ రాసిండు, ఆయన కవి కూడా, ఆ సారు ఆయనను సాహిత్యం కాదంటడా? సత్యజిత్ రే అంతటి డైరెక్టర్, 1965 సంది పిల్లలకోసం ఫెలూదా అనే డిటెక్టివ్ కథలు రాసుకుంటనే ఉండె. బెంగాలోళ్ళు వాళ్ళ డిటెక్టివ్‌లను ఇంటి మనుషుల లెక్క చెప్పుకుంటరు. మనం మాత్రం యుగంధర్‌ను రాసిన కొమ్మూరి సాంబశివరావును బస్టాండుల కొని, దిండు కింద దాచి, అద్దె షాపుల పావలా ఇచ్చి తెచ్చుకొని చదివి, తీరా నలుగురిల అడిగితే అబ్బే నేను అట్లాంటివి చదవను అన్నం. ఆ అద్దె పుస్తకాల్ల ఆఖరి పేజీ చింపుకొని పోయినోళ్ళు కూడా ఉండేటోళ్ళు, హంతకుడు ఎవరో తెలియకుండ ఊరంతా తిరిగేది, ఆ చింపినోడిమీద ఒక నవల రాయొచ్చు. చెత్త క్రైమ్ నవలలు లేవా అంటే బోలెడున్నయి, ఆడమనిషి శవాన్ని బట్టలూడదీసి వర్ణిస్తె తప్ప ముందుకు నడవనివి కూడా ఉన్నయి, వాటిని నడుమనే మూసెయ్యి, పూర్తి చెయ్యాలెనని ఎవరూ నీకు శిక్ష వెయ్యలే. కానీ చెత్త ఉన్నదని మొత్తం కొట్టంకి నిప్పు పెడ్తరా. ఏడాది దండగైందన్నడు కదా, ఆయన ఆ ఏడాదిల ఎన్ని చదివిండో ఒకసారి నవ్వుకుంట అడుగు.

వచ్చే ఏడాదికి కొత్తవి కూడా కావాలె కదా. నీకు హంతకుడు ముందే దొరుకుతున్నడు కాబట్టి, హంతకుడెవరో మొదట్లనే చెప్పేసే పుస్తకం పట్టు. జపాన్‌ల కెయిగో హిగషినో అని ఉన్నడు, 2005ల రాసిన నవల, ఇంగ్లీష్‌ల ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్ అని దొరుకుతది. ఒకామె, కూతురితోని ఉంటది, పీడిస్తున్న పాత మొగుడు ఇంటికొచ్చి లొల్లి పెడ్తె చంపేస్తది, అది మన కండ్ల ముందే. పక్క పోర్షన్‌ల లెక్కల సారు ఒకాయన వచ్చి దాన్ని దాచుడు తన మీదేసుకుంటడు. అంతా తెలిసే ఉంది కదా, ఇంకేం దాస్తడు అనుకుంటం. అక్కడ్నే కొడ్తడు. ఇంతకు మించి చెప్తే పాపం.

ఇంకొకటి బెంగాల్‌ల శరదిందు బంద్యోపాధ్యాయ రాసిన డిటెక్టివ్ బ్యోమకేష్ కథలు, 1932ల మొదలైనయి, ఇంగ్లీష్‌ల అనువాదాలున్నయి. హోమ్స్ లెక్క ఒంటికాయ శొంఠికొమ్ము కాదు బ్యోమకేష్, పెండ్లి చేసుకుంటడు, ఇంట్ల చాయ్ తాగుకుంట, పెండ్లాంతోని మాటలు పడుకుంట హత్యలు తేలుస్తడు. హోమ్స్ పొగమంచుల కన్నా నీకు ఈ ఇల్లే దగ్గరనిపిస్తది.

పుస్తకాలెట్ల అంటవా. హోమ్స్, డ్రాకులా కాపీరైట్ దాటిపోయినయి, నెట్‌ల ఉత్తగనే, దొంగతనం కాకుండ దొరుకుతయి. కానీ టెలిగ్రామ్‌ల తిరిగే తెలుగు నవలల పీడీఎఫ్‌లు అట్ల కాదు, ఆ రాసినోళ్ళల్ల ఇంకా బతికున్నోళ్ళున్నరు, దొంగల పుస్తకం దొంగతనంగ చదువుడు బాగుండదు చెల్లె. నల్లగొండల జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది, దాంట్ల గ్రూప్స్‌కు చదివే పిల్లలతోని జాగ దొరకదు, అయినా లోపలికి పోయి పాత నవలల బీరువా అడుగు, అడిగేటోళ్ళు లేక ఆ పుస్తకాలు దుమ్ముకొట్టుకపోతుంటయి. సిగ్గు పడకు, మన ఇంటిపన్నుల రూపాయికి 8 పైసలు గ్రంథాలయం సెస్సే, ఆల్రెడీ కట్టినవ్. హైదరాబాద్ పోయినప్పుడు కోఠిల, ఆదివారమైతే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతుకు, కొనేముందు ఆఖరి పేజీ ఉందా లేదా చూసుకో.

ఇంకో ముచ్చట, అడగకున్నా చెప్తున్న. మన జిల్లాలల్ల నడిచే డిటెక్టివ్ నవలలు నాకు మస్తు తక్కువ కనపడ్డయి. యుగంధర్ ఉండేది మద్రాసుల, తర్వాతోళ్ళు హైదరాబాద్ దాటి రాలే. శ్రీశైలం డ్యాం కింద మన దిక్కువి ఎన్ని ఊర్లు మునిగినయి, కొల్లాపూర్ దిక్కు సోమశిల కాడ ఎండకాలం కృష్ణ నీళ్ళు తగ్గితే పాత ఊర్ల ఆనవాళ్ళు తేలుతయి. నలభై ఏండ్ల కింద ఊరు ఖాళీ చేసేటప్పుడు ఒక మనిషి కనపడకుండ పోయిండనుకో, బొంబాయి పోయిండని అందరూ అనుకున్నరనుకో, ఒక ఎండకాలం నీళ్ళు బాగ దిగినయనుకో. ఇగ ముందుకు నేను చెప్పను, రోజుకు అంతసేపు బస్సుల కూసుంటవ్, ఫోన్‌ల టైప్ చేసుకుంట పో. రాసి చూస్తేనే అర్థమైతది క్లూ దాచుడు ఎంత కష్టమో, అప్పుడు క్రిస్టీ మీద గౌరవం ఇంకింత పెరుగుతది.

మీ అత్తమ్మకు ఉపాయం అంటి కదా. క్రిస్టీ పుస్తకాలల్ల మిస్ మార్పుల్ అని ఒక ముసలామె ఉంటది, చిన్న ఊరు, అల్లికలు అల్లుకుంట కిటికీల నుంచి వచ్చేటోళ్ళను పోయేటోళ్ళను చూస్తుంటది, ఎవరింటికి ఎవరొచ్చిన్రు, పాలాయన ఇవ్వాళ ఎందుకు లేటు, అన్నీ ఆమెకు కావాలె, ఆ లెక్కలతోనే పోలీసులకు దొరకని హంతకుడిని పట్టుకుంటది. మన ప్రతి గల్లీల అరుగు మీద ఒక మార్పుల్ ఉంటది, మీ ఇంట్ల ఉన్నామె కూడా అదే బ్యాచ్ అయ్యుంటది. పుస్తకం చూపియ్యకు. ఆదివారం చిక్కుడుకాయ ఒలుచుకుంట కూసున్నప్పుడు, ఆ గుర్రం కథ మన ఊర్ల జరిగినట్టు చెప్పు, కుక్క దాంక చెప్పి, మటన్ కూర దాంక చెప్పి ఆపు. ఎవరు చేసిన్రంటవ్ అత్తమ్మా అని అడుగు. జవాబు చెప్పిందాంక ఆమె చెయ్యి ఆగిపోతది, ఆ తర్వాత వారం ఇంకోటి ఏమన్నా ఉందా అని ఆమెనే అడుగుతది.

పిలగాడికి భేతాళ కథలియ్యి, ఇంగ్లీష్ కొంచెం వస్తే ఫెలూదా ఇయ్యి, దాంట్ల అన్న వెంట తిరిగే తోప్షే కూడా పిలగాడే కాబట్టి తొందరగ అతుక్కుంటడు. తులసిదళం, డ్రాకులా ఇప్పుడే వద్దు, పై అల్మారాల పెట్టు. ఎట్లాగూ కుర్చీ వేసుకొని తీస్తడు, తీసిననాడు బాత్రూంకి తోడు పొమ్మని నిన్నే లేపుతడు, అప్పుడు నవ్వే వంతు నీది.